క్రిస్టీ కోసం అందరూ వెతుకుతున్న వారంలో: ఒక చారిత్రక మిస్టరీ రాతప్రతి కేస్ స్టడీ

నా చేతికి వచ్చేసరికి ఈ నవల దాదాపు పూర్తయిన డ్రాఫ్ట్. తెలుగులో రాసిన చారిత్రక మిస్టరీ. కథ జరిగేది 1926 డిసెంబర్‌లో, ఇంగ్లండ్‌లో. ముఖ్యపాత్రలు అప్పటి క్రైమ్ రచయిత్రులు. రాసినావిడకి చారిత్రక నవల ఇదే మొదటిది గానీ, సీరియళ్లు రాసి తేలిన చెయ్యి. సంభాషణ ఎలా నడపాలో, అధ్యాయం ఎక్కడ ఆపాలో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా ప్రచురణకర్త చదివి "ఎక్కడో తేడా కొడుతోందండీ, చూసి చెప్పండి" అని నాకు పంపారు. ఆ తేడా ఏమిటో, దానికి ఏం చేశామో ఆవిడ అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు డ్రాఫ్ట్‌లో కథేమిటో చెప్పాలి. అగాథా క్రిస్టీ ఇంట్లోంచి మాయమై, మారుపేరుతో హారోగేట్ హోటల్లో దిగుతుంది. అదే హోటల్లో ఒక ధనవంతుడు విషప్రయోగంతో చనిపోతాడు. డొరోతీ సేయర్స్, మార్జరీ ఆలింగమ్, నైయో మార్ష్ లండన్ నుంచి రహస్యంగా వస్తారు. నలుగురూ కలిసి హంతకుడిని పట్టుకుంటారు. పద్నాలుగో తేదీన క్రిస్టీ "నాకేమీ గుర్తులేదు" అని లోకానికి అబద్ధం చెప్పి ఇంటికి వెళ్లిపోతుంది. పదకొండు రోజుల రహస్యానికి ఇదీ అసలు కారణం అన్నమాట.

వినడానికి బాగుంది. ఇలాంటి ఊహ చాలామందికి వస్తుంది కూడా, ఇబ్బంది అక్కడే మొదలైంది.

అసలు జరిగింది ఇది. 1926 డిసెంబర్ 3, శుక్రవారం రాత్రి క్రిస్టీ బెర్క్‌షైర్‌లోని సన్నింగ్‌డేల్‌లో తన ఇంటి నుంచి కారులో ఒంటరిగా బయల్దేరింది. ఏడేళ్ల కూతురు మేడ మీద నిద్రపోతోంది. భర్త ఆర్చీ వారాంతానికి స్నేహితుల ఇంటికి వెళ్లాడు. అతను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న నాన్సీ నీల్ కూడా అక్కడే ఉంది. ఆ ఏప్రిల్‌లోనే క్రిస్టీ తల్లి చనిపోయింది. మర్నాడు ఉదయం ఆమె మోరిస్ కౌలీ కారు పక్క కౌంటీ సర్రేలో, గిల్డ్‌ఫర్డ్ దగ్గర న్యూలాండ్స్ కార్నర్ అనే కొండవాలున పొదల్లో దొరికింది. లోపల బొచ్చుకోటు, గడువు తీరిన డ్రైవింగ్ లైసెన్సు ఉన్నాయి. వేలమంది వాలంటీర్లు కొండలన్నీ గాలించారు. విమానం ఎగిరింది. డైలీ న్యూస్ పత్రిక 100 పౌండ్ల బహుమతి ప్రకటించింది. ఆర్థర్ కోనన్ డాయల్ ఆమె చేతితొడుగు ఒకటి సంపాదించి, అతీంద్రియ శక్తులున్నాయని పేరున్న ఒకాయనకి ఇచ్చి చూడమన్నాడు. చివరికి డిసెంబర్ 14న యార్క్‌షైర్‌లోని హారోగేట్ హోటల్లో ఆమె దొరికింది. రిజిస్టర్లో రాసుకున్న ఇంటిపేరు నీల్, అంటే భర్త ప్రియురాలిదే. ఆమెను గుర్తుపట్టి పోలీసులకు చెప్పింది ఆ హోటల్ బ్యాండు వాయిద్యకారులు.

రచయిత్రికి ఇదంతా తెలుసు. ఎంత బాగా తెలుసంటే, డ్రాఫ్ట్ మొదటి మూడు అధ్యాయాలూ దీనికే సరిపోయాయి. తేడా కొట్టడానికి కారణం సమాచారం తక్కువ కావడం కాదు. పాఠకుడికి ముందే తెలిసిన ఖాళీని కథ నింపుతోంది. క్రిస్టీ బతికే ఉంటుందని, పద్నాలుగున దొరుకుతుందని, ఆ తర్వాత యాభై ఏళ్లు రాస్తుందని అందరికీ తెలుసు. ఆ హోటల్లో ఎన్ని విషపు గ్లాసులు పెట్టినా టెన్షన్ పుట్టదు. పైగా నిజంగా జరిగింది ఒక ఆడమనిషి పడిన కష్టం. తల్లి పోయింది, మొగుడు వదిలేస్తానంటున్నాడు. దానిమీద ధనవంతుడి హత్య తెచ్చి పెడితే అసలు బాధ కాస్తా సాకుగా మారిపోయింది. డ్రాఫ్ట్ చదువుతుంటే నాకు చికాకు పుట్టిన చోటు అదే.

ఆవిడతో మొదటి మాటల్లోనే ఒకటి అడిగాను. "ఆ పదకొండు రోజులూ క్రిస్టీ ఏం చేసిందన్నది పక్కన పెడదామండీ. అందరూ ఆమెను వెతుకుతుంటే ఎవర్ని వెతకడం మానేశారు?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకో అమ్మాయి తప్పిపోయి ఉంటే?" అన్నారు. నవల అక్కడ తిరిగింది.

కొత్త కథలో తప్పిపోయేది ఒక టైపిస్టు. పూర్తిగా కల్పితం. పేపర్లో ఆమె ఫొటో రాదు, బహుమతీ ఉండదు. ఆమె ఉండేది బెర్క్‌షైర్ వైపు, చివరిసారి కనిపించింది సర్రే వైపు. ఈ సరిహద్దు మేము కల్పించింది కాదు. క్రిస్టీ కేసులోనే ఉంది. ఇల్లున్న బెర్క్‌షైర్ పోలీసు సూపరింటెండెంట్ గొడార్డ్ ఆమె బతికే ఉందనుకున్నాడు. కారు దొరికిన సర్రేలో డిప్యూటీ చీఫ్ కానిస్టేబుల్ కెన్‌వర్డ్ శవం ఆ కొండల్లోనే ఎక్కడో ఉందని నమ్మి గాలింపు నడిపాడు. ఒక ప్రఖ్యాత రచయిత్రి విషయంలోనే రెండు కౌంటీలు రెండు దార్లు పట్టాయంటే, ఒక టైపిస్టు ఫిర్యాదు ఈ స్టేషన్ నుంచి ఆ స్టేషన్‌కి, ఆ స్టేషన్ నుంచి ఈ స్టేషన్‌కి తిరగడం నమ్మశక్యంగానే ఉంటుంది.

ఇక డిటెక్టివ్ ఎవరు? ఇక్కడ చాలాసేపు ఆగాం.

ఇంగ్లీషులో నిజమైన రచయితలను పాత్రలుగా పెట్టే ఈ తరహా నవలలకి ఇప్పుడు సొంత పాఠకులున్నారు. నికోలా అప్సన్ 2008 నుంచి, ఆ కాలపు మరో క్రైమ్ రచయిత్రి జోసెఫీన్ టేని ముఖ్యపాత్రగా పెట్టి వరుసగా నవలలు రాస్తున్నారు. ఆ ఎంపిక తెలివైనది. టే అసలు పేరు ఎలిజబెత్ మెకింటోష్. స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్‌లో తండ్రి ఇంట్లో గుట్టుగా బతికిన మనిషి, పత్రికలకు దూరం. రికార్డు పల్చగా ఉన్న మనిషి దగ్గర నవలాకారుడికి చెయ్యి ఆడుతుంది. క్రిస్టీ విషయంలో ప్రతి రోజుకీ ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పి ఉన్నారు, ఎటు కదిలినా ఏదో ఒకటి తగులుతుంది. టే వైపు మారదామా అని ఆవిడ అడిగారు. నేను వద్దన్నాను. టే మొదటి డిటెక్టివ్ నవల వచ్చిందే 1929లో. పైగా డ్రాఫ్ట్‌లో ప్రాణం ఉన్న పాత్ర ఒకటి అప్పటికే ఉంది, సేయర్స్.

మిగతా ఇద్దరినీ తీసేశాం. నైయో మార్ష్ న్యూజిలాండ్ నుంచి ఇంగ్లండ్ వచ్చింది 1928లో, మొదటి నవల 1934లో. 1926 డిసెంబర్లో ఆమెను లండన్ రైలెక్కించడం కుదరదు. ఆలింగమ్‌కి అప్పటికి 22 ఏళ్లు, ఆమె డిటెక్టివ్ కాంపియన్ ఇంకా పుట్టలేదు. నలుగురు రచయిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుని కేసు విప్పే దృశ్యం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్ అనేదే 1930లో మొదలైంది. కథ అవసరం కోసం క్యాలెండర్‌ను ఒకట్రెండు రోజులు అటూ ఇటూ జరపడాన్ని నేను తప్పు పట్టను. నాలుగేళ్లు జరిపితే మాత్రం ఆ కాలాన్ని ఎంచుకోవడంలోనే అర్థం లేదు.

సేయర్స్ సంగతి వేరు. ఆ వారం ఆమె నిజంగానే కథ పక్కన ఉంది. న్యూలాండ్స్ కార్నర్ దగ్గర సైలెంట్ పూల్ అనే చిన్న కొలను ఉంది. క్రిస్టీ శవం అందులో ఉందేమోనని పుకారు పుడితే, సేయర్స్ అక్కడికి వెళ్లి చూసి వచ్చింది. ఒక క్రైమ్ రచయిత్రి మరో క్రైమ్ రచయిత్రి కోసం చలికాలంలో ఒక కొలను గట్టుకి ఎందుకు వెళుతుంది? కుతూహలం అని డ్రాఫ్ట్‌లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకది చాలలేదు.

సేయర్స్ జీవితంలోకి చూస్తే సమాధానం దొరికింది. 1924 జనవరిలో ఆమెకు పెళ్లి కాకుండా ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డను బంధువు ఐవీ ష్రింప్టన్ పెంచింది. సేయర్స్ తల్లిదండ్రులకి చివరిదాకా తెలియదు. ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1975లో, ఆమె పోయిన పద్దెనిమిదేళ్లకి. క్రిస్టీ మాయమయ్యేనాటికి సేయర్స్‌కి ఒక జర్నలిస్టుతో పెళ్లయి ఎనిమిది నెలలే. పొద్దున్నే పేపర్ తెరిస్తే ఒక రచయిత్రి కాపురం, మొగుడు, మొగుడి ప్రియురాలు అన్నీ మొదటి పేజీలో ఉన్నాయి. తన రహస్యం బయటపడితే తన పేరూ ఆ పేజీలోకే ఎక్కుతుంది. ఆ భయం ఉన్న మనిషి కొలను దగ్గరికి వెళితే, ఆ ప్రయాణానికి బరువు వస్తుంది. ఎవరూ వెతకని టైపిస్టు గురించి ఆమెకు పట్టడానికి కూడా అదే కారణమవుతుంది.

నా అభిప్రాయంలో ఈ తరహా నవలకి ప్రాణం ఇక్కడుంది. క్రైమ్ నవలలు రాస్తుంది కాబట్టి కేసు విప్పగలదు అంటే పాఠకుడు ఒక అధ్యాయం దాకా నవ్వుకుంటూ ఒప్పుకుంటాడు, తర్వాత ఒప్పుకోడు. రాసేవాళ్లకి పోలీసులకన్నా తెలివి ఎక్కువని నమ్మేది రచయితలు మాత్రమే. దాచుకోవడం అంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి, ఇంకో మనిషి ఏం దాచిందో కనిపెట్టింది అంటే చివరిదాకా ఒప్పుకుంటాడు.

సేయర్స్‌ని తీసుకుంటే ఇంకో చిక్కు ఉంది, ఉద్యోగం. 1922 నుంచి దాదాపు పదేళ్లు ఆమె బెన్సన్స్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో కాపీరైటర్. డ్రాఫ్ట్‌లో ఆమె మంగళవారం సర్రేలో, బుధవారం యార్క్‌షైర్‌లో తిరుగుతోంది. ఆఫీసు ఎవరు చూస్తున్నట్టు? రోజువారీ పట్టిక ఒకటి వేసుకున్నాం. ఒక పక్క క్రిస్టీ కేసులో ఆ రోజు జరిగింది, మధ్యలో సేయర్స్ ఎక్కడ ఉండగలదో, మూడో పక్క మన కథ. సర్రేకి వెళ్లే దృశ్యాలన్నీ శని, ఆదివారాల్లోకి వచ్చి పడ్డాయి. డిసెంబర్ 12 ఆదివారం, వేలమందితో పెద్ద గాలింపు జరిగిన రోజు, మన నవలలోనూ కీలకమైన రోజు అయింది. కొండమీద వేలమంది క్రిస్టీ కోసం పొదలు కొడుతుంటే, కొండ కింద ఒకే ఒక్క మనిషి ఇంకో అమ్మాయి కోసం తలుపులు కొడుతుంది.

ఆ ఆదివారం దృశ్యం మొదట ఇలా ఉంది:

"సాయంత్రం అయిదు గంటల నీరెండలో కొలను నీళ్లు బంగారంలా మెరుస్తున్నాయి. డొరోతీ గట్టుమీద నిలబడి, దూరంగా కనిపిస్తున్న వాలంటీర్ల వరుసను చూసింది. ఆమె మనసుకి ఎందుకో అనిపించింది, క్రిస్టీ ఇక్కడ లేదు."

డిసెంబర్ మధ్యలో సర్రేలో నాలుగు కాకముందే పొద్దు కుంకుతుంది. అయిదింటికి చిమ్మచీకటి. ఆవిడ తిరగరాసింది ఇలా:

"మూడున్నరకే వెలుగు తగ్గిపోయింది. వాలంటీర్లు ఒక్కొక్కరే కొండ దిగుతున్నారు. బూట్ల నిండా సుద్దమట్టి. కొలను గట్టున మెత్తటి నేలమీద డొరోతీకి వందల అడుగులు కనిపించాయి, అన్నీ మగవాళ్ల బూట్లవే. ఈ నేలమీద శుక్రవారం రాత్రి నాటి జాడ ఏదైనా ఉండి ఉంటే దాన్ని వెతకడానికి వచ్చినవాళ్లే తొక్కేశారు."

నీరెండ పోవడంతోపాటు ఆ "మనసుకి ఎందుకో అనిపించింది" కూడా పోయింది. డ్రాఫ్ట్‌లో ముడి విప్పే ప్రతిచోటా ఇదే మాట. తర్వాత డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్న ప్రమాణంలో, సభ్యులు తమ డిటెక్టివ్‌లచేత వాడించకూడని వాటిలో దైవ సాక్షాత్కారం, కాకతాళీయం వగైరాలతోపాటు ఆడవాళ్ల అంతఃప్రేరణ కూడా ఉంది. ఆ క్లబ్‌కి సేయర్స్ వ్యవస్థాపక సభ్యురాలు, తర్వాత 1949 నుంచి అధ్యక్షురాలు. ఏ ఆడమనిషి ఈ అంతఃప్రేరణను ఒప్పుకోదో ఆమె చేతే కేసును దాంతో విప్పించడం బాగుండదు. ఇది చెప్పినప్పుడు రచయిత్రి గట్టిగా నవ్వేశారు, "ఆవిడ నన్ను క్లబ్‌లోంచి గెంటేసేది" అని.

మరి క్లూ ఏమిటి? నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇక్కడ జరిగింది.

డ్రాఫ్ట్‌లో విషం ఆర్సెనిక్. హంతకుడు మందులషాపులో తెల్లటి పొడి కొని పంచదారలో కలుపుతాడు. క్రిస్టీ వచ్చి గ్లాసు వాసన చూసి "బాదం వాసన, ఆర్సెనిక్!" అంటుంది. బాదం వాసన సయనైడ్‌ది. ఆర్సెనిక్‌కి వాసనే ఉండదు, అందుకే అంతమందిని చంపింది. యుద్ధకాలంలో టోర్కీలో మందులు కలిపే పని చేసి, అపోథికరీల పరీక్ష పాసైన క్రిస్టీ నోట ఈ మాట వస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఇంతకన్నా ముఖ్యమైనది అమ్మకం. ఇంగ్లండ్‌లో ఆర్సెనిక్‌కి అప్పట్లో 1851 నాటి ప్రత్యేక చట్టం ఉండేది. పది పౌండ్ల బరువుకన్నా తక్కువ అమ్మితే అందులో మసి గానీ నీలిమందు గానీ కలిపి అమ్మాలి. తెల్లటి పొడి అంత తేలిగ్గా పంచదారలో కలవదు. కొన్న మనిషి పేరు, చిరునామా, వృత్తి, ఎంత కొన్నాడు, ఎందుకు కొన్నాడు అన్నీ విషాల పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోవాలి. కొనేవాడు షాపువాడికి కొత్తయితే, ఇద్దరికీ తెలిసిన సాక్షి ఒకరు పక్కనుండాలి. ఆ సాక్షి కూడా పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి.

ఈ సాక్షి దగ్గర ఇద్దరం ఆగిపోయాం. సంతకం పెట్టింది ఆ టైపిస్టే అయితే?

కథ మొత్తం దానిచుట్టూ తిరిగి అల్లుకుంది. టైపిస్టు యజమాని ఆ ఊరికి కొత్త. తోటలో కలుపు చంపడానికని ఆర్సెనిక్ కొంటూ, షాపువాడికి తెలిసిన తన టైపిస్టును సాక్షిగా తీసుకెళతాడు. కలుపు మందుకి మసి రంగు అడ్డం కాదు, భార్యకిచ్చే చిక్కటి కాఫీలోనూ అది కనపడదు. నెలల తర్వాత ఆ భార్య కడుపునొప్పితో చనిపోతుంది, డాక్టర్ గ్యాస్ట్రైటిస్ అని రాసిస్తాడు. ఆ రోజుల్లో అది ఎంత మామూలో 1922లోనే దేశం చూసింది. హే-ఆన్-వై ఊళ్లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే న్యాయవాది భార్య జబ్బుతో పోయిందనే అనుకున్నారు. దాదాపు ఏడాది తర్వాత శవాన్ని బయటికి తీస్తే ఆర్సెనిక్ దొరికింది. కలుపు మొక్కల కోసమే కొన్నానన్నాడతను. ఉరితీశారు. 1926లో పేపర్ చదివే ఏ టైపిస్టుకైనా ఆ కేసు గుర్తుంటుంది. మన టైపిస్టుకీ గుర్తొస్తుంది. అందుకే మాయమవుతుంది.

పాఠకుడికి న్యాయంగా ఉండాలంటే క్లూ ముందే కళ్లెదుట పెట్టాలి. టైపిస్టు రాసినట్టుగా ఒక వీడ్కోలు ఉత్తరం వస్తుంది, టైపు చేసి ఉంటుంది. అది ఆరో అధ్యాయంలో పూర్తిగా ఇచ్చాం. విషాల పుస్తకంలోని పంక్తి పదకొండో అధ్యాయంలో ఉన్నదున్నట్టు ఇచ్చాం. కొనుగోలు నాటికి ఆమె ఉన్న గది ఒకటి, తర్వాత మారిన గది ఇంకొకటి. ఉత్తరం వచ్చింది పాత చిరునామాకి. ఆమె గది మారిన సంగతి తెలియనివాడు, ఆమె చిరునామాను ఆ పుస్తకంలో ఆమె పక్కన నిలబడి చూసినవాడు, అలా పంపించగలడు. ఇందులో ఏ మనసూ ఏమీ చెప్పక్కర్లేదు.

సేయర్స్ ఆ పుస్తకం ఎలా చూసింది? ఆమెకు ఏ అధికారమూ లేదు. దీనికి అడ్డమనుకున్న ఉద్యోగమే పనికొచ్చింది. 1926లో బెన్సన్స్ కంపెనీ కోల్మన్స్ ఆవపిండి కోసం మస్టర్డ్ క్లబ్ అని పెద్ద ప్రచారం నడిపింది, సేయర్స్ దానికి రాసింది. ఆవపిండి వేసిన వేడినీళ్ల స్నానం జలుబుకి మంచిదని అప్పటి నమ్మకం. మందులషాపులోకి ప్రచారం మనిషిగా వెళ్లి, షాపువాడితో గంటసేపు కబుర్లు చెప్పించే దృశ్యం నవల మొత్తంలో నవ్వు పుట్టించే ఏకైక అధ్యాయం. రచయిత్రి సీరియల్ చెయ్యి అక్కడ బాగా పలికింది. నేను ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.

క్రిస్టీ ఇప్పుడు నవలలో దాదాపు కనపడదు. పేపర్లలో, జనం మాటల్లో ఉంటుంది. చివరి అధ్యాయం మాత్రం క్లబ్ మొదలైన తర్వాత, ఒక విందులో. క్రిస్టీ, సేయర్స్ పక్కపక్కన కూర్చుంటారు. ఇక్కడ నాకూ ఆవిడకీ గట్టిగానే వాదన జరిగింది. సేయర్స్ తన కొడుకు గురించి క్రిస్టీకి చెప్పేయాలని ఆవిడ కోరిక. కన్నీళ్లు తెప్పించే దృశ్యం, నిజమే. కానీ సేయర్స్ ఆ రహస్యాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకుంటే, మన కథ మలుపు కోసం ఆమె నోటితోనే చెప్పించడం నాకు మింగుడు పడలేదు. క్రిస్టీ కూడా 1977లో వచ్చిన తన ఆత్మకథలో ఆ పదకొండు రోజుల గురించి ఒక్క మాట రాయలేదు. చివరికి ఇద్దరి చేతా విషాల గురించి, ప్రచురణకర్తలిచ్చే డబ్బు గురించి మాట్లాడించాం. ఆవిడ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. రెండో ముద్రణలో మారుస్తానంటున్నారు.

నిజమైన మనుషుల్ని పాత్రలుగా వాడటం గురించి ప్రచురణకర్త అడిగారు. ఈ పదకొండు రోజుల మీద 1970ల చివర్లో ఒక నవల, సినిమా వచ్చినప్పుడు క్రిస్టీ కుటుంబం ఆపాలని న్యూయార్క్‌లో కోర్టుకెక్కింది. 1978లో కోర్టు ఆపలేదు. అది కల్పన అని పాఠకుడికి తెలుస్తూనే ఉందన్నది ముఖ్యమైన కారణం. అందుకే పుస్తకం చివర రచయిత్రి మాట పెట్టించాను. టైపిస్టు, యజమాని, మందులషాపు, ఉత్తరం కల్పితం అని, సేయర్స్ కొలను దగ్గరికి వెళ్లడం నిజం, అక్కడ ఏమనుకుందన్నది కల్పన అని అందులో విడదీసి రాశారు. హత్య గానీ అబద్ధపు సాక్ష్యం గానీ ఏ నిజమైన మనిషి మీదా పెట్టలేదు. ఆర్చీ క్రిస్టీని విలన్‌గా చూపే రెండు పేజీలు డ్రాఫ్ట్‌లో ఉండేవి, అవీ పోయాయి. అతను మంచి భర్త కాకపోవచ్చు గానీ, పోలీసులు, పత్రికలు అతన్ని అనుమానించిన ఆ పదకొండు రోజుల్లో అతని పరిస్థితీ నవ్వులాట కాదు.

మిగిలింది అట్ట. ప్రచురణకర్త మొదట పంపిన డిజైన్లో అగాథా క్రిస్టీ పేరు నవల పేరుకన్నా పెద్దగా ఉంది. ఆ పేరు బ్రిటన్‌లోనూ ఇతర చోట్లా రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. అట్టమీద అంత పెద్దగా వేస్తే పుస్తకం ఆమెదో, ఆమె గురించిందో అన్న తికమక పుడుతుంది, పైగా కథ ఆమెది కానే కాదు. తీసేయమని రాసి పంపాను. ఇప్పుడు అట్టమీద పాత టైప్‌రైటర్ ఉంది. దాని మీటల వరుస మాత్రం ఇంకా సరిచేయాలి, బొమ్మ వేసినాయన కంప్యూటర్ కీబోర్డు చూసి గీసేశారు.